కాలువలో నా వంతు

ఈత నేర్చుకోవాలని ఉందని నేను ఇంట్లో చెప్పేనాటికి నాకు నలభై దాటి కొన్నేళ్లయింది. మా ఆయన అన్నం కలుపుతున్నవాడు చెయ్యి ఆపి నా మొహం వంక చూశాడు. కూతురు ఫోనులోంచి తలెత్తింది, మా ఇంట్లో అదే పెద్ద విశేషం. అత్త మాత్రం మజ్జిగ చెంబు దగ్గరికి లాక్కుంటూ, "ఈడ మొగం కడుక్కునేకి నీళ్లు లేవు, ఈతంట ఈత" అంది.

ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అప్పుడు ఎండాకాలం. మాది కణేకల్ వైపు ఊరు. పై డ్యాములో నీళ్లుంటే కాలువ వస్తుంది, లేకపోతే లేదు. వచ్చిన ఏడు వరి, రాని ఏడు జొన్నో శనగో, ఏది పండితే అది. మా మడి పిల్ల కాలువకు చిట్టచివర ఉంది కాబట్టి అందరి మళ్లూ తడిసి మిగిలినవే మావి. ఏడాదిలో సగానికి పైగా ఆ కాలువలో మేకలు పడుకుంటాయి, పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. నీళ్లొచ్చాయంటే ఊరికి ఊరే మళ్లలోకి దిగిపోతుంది. నారు పోయడం, దమ్ము చేయడం, నాట్లు, కలుపు, ఇంట్లో ఎనుములు, పాలు, వంట, మధ్యలో నా కుట్టుమిషను. అంటే నీళ్లున్నప్పుడు నాకు తీరిక లేదు, తీరిక ఉన్నప్పుడు నీళ్లు లేవు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస.

"ఈ వయసులో ఎందుకమ్మా నీకు ఈత?" అని అడగనివాళ్లు లేరు. నాకు ఒళ్లు మండేది. మా ఆయన పేకాట ఎందుకు నేర్చుకున్నాడని ఎవరూ అడగలేదు కదా. నా చిన్నప్పుడు మా చేని బావిలో మా అన్నలిద్దరూ నడుముకు ఎండిన సొరబుర్రలు కట్టుకుని ఈత నేర్చుకున్నారు. నేను గట్టు మీద కూర్చుని వాళ్ల చొక్కాలకు కాపలా కాసేదాన్ని. "నేనూ దిగుతా నాయనా" అంటే, "వచ్చే ఏడు చూద్దాంలే పాపా" అనేవాడు మా నాయన. వచ్చే ఏటికి బావి ఎండిపోయింది. మా నాయన అబద్ధం చెప్పేవాడు కాదు, ఆ ఒక్కసారి బావి మాట తప్పింది.

నేనేదో మునిగిపోతానన్న భయంతోనో, ఎవరినో ఒడ్డుకు చేర్చాలనో ఈత కోరుకోలేదు. నీళ్ల మీద వెల్లకిలా తేలుతున్నప్పుడు మా చిన్నన్న మొహంలో ఒక నిశ్చింత ఉండేది. పరీక్ష తప్పినవాడు, నాయన చేత తన్నులు తిన్నవాడు, ఆ నీళ్ల మీద మాత్రం రాజాలాగా ఉండేవాడు. అది నాకు కావాలనిపించింది. ఇంకా పెద్ద కారణం చెప్పమంటే నా దగ్గర లేదు.

ఆ ఎండాకాలంలోనే ఒక మధ్యాహ్నం ఫోనులో ఈత నేర్పే వీడియో పెట్టుకుని, వసారాలో శనక్కాయల మూట మీద బోర్లా పడుకుని చేతులు ఆడిస్తున్నాను. పక్కింటావిడ వచ్చి చూసి, కడుపునొప్పేమో అనుకుని వాము తెస్తానని పోయింది. అత్త గడప మీద కూర్చుని చాటలో జొన్నలు చెరుగుతోంది. చాలాసేపు చూసీ చూసీ చాట పక్కన పెట్టింది.

"ఏమే, అది ఈతా రొట్టె తట్టడమా? చేతులు అట్ల కాదు. నీళ్లను ముందు చీల్చల్ల, ఆమైన ఎనక్కి నూకల్ల. కాళ్లు మోకాలు కాడ ముడసద్దు."

నేను మూట మీదనే తల తిప్పి చూశాను. "నీకెట్ల తెలుసత్తా?"

"మా ఊరు ఏటి ఒడ్డునే కదా. నేను ఈదుతాంటే మా అన్న గట్టు మీద ఉరికినా నన్ను అందుకునేటోడు కాదు."

"మరి పెండ్లయినాక?"

"పెండ్లయినాక యాడ? ఈడ ఏరుండాదా, ఏమన్నానా" అని మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుంది.

ఇరవై ఏళ్లకు పైగా ఒకే పొయ్యి దగ్గర వంట చేసుకున్నాం మేమిద్దరం. ఆమెకు ఏ పన్ను ఎప్పుడు సలుపుతుందో నాకు తెలుసు. ఈ సంగతి మాత్రం తెలియదు. ఆ రోజు నుంచీ మధ్యాహ్నం అంట్లు తోమడం కాగానే నాకు మూట మీద పాఠం. "తల ఎత్తాకు, గాలి పీల్చుకునేకి మాత్రం పక్కకి తిప్పు" అని ఆమె గడప మీద నుంచి అరుస్తూ ఉండేది. మా ఆయన వచ్చినప్పుడల్లా "ఎంతవరకు పోయినావు, బళ్లారి చేరినావా?" అని నవ్వేవాడు. నేను ఏదో ఒకటి విసిరేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అది ఊరంతా ఎరిగిందే.

నీళ్లొచ్చాయి. అనుకున్నట్టే పనులూ వచ్చాయి. రేపు దిగుదాం, ఎల్లుండి దిగుదాం అనుకుంటూనే నాట్లు మొదలయ్యాయి. కాలువ పక్కనుంచి రోజుకు ఎన్నిసార్లు నారు కట్టలు మోసుకుంటూ పోయానో. ఎర్రటి కొత్త నీళ్లు నా పక్కనే పోతుంటే, పిలిచి పిలిచి విసిగిపోయిన చుట్టంలాగా అనిపించేది. ఏడుపొచ్చేది. నారు తల మీద పెట్టుకుని ఏడిస్తే మొహం మీద కారే నీళ్లన్నీ నారు నీళ్లే అనుకుంటారు, ఆ సదుపాయం ఒకటి ఉంది.

ఒక మధ్యాహ్నం మా ఆయన సగం తిన్న కంచం ముందు నుంచి లేచాడు. "మన వంతు టయమైంది" అని పార భుజాన వేసుకున్నాడు. ఏ మడికి ఏ పూట నీళ్లు అన్నది మా కాలువ చివరి రైతులు వంతులు వేసుకుంటారు. ఎవరి వంతు వాళ్లదే. ఇంట్లో పెళ్లి జరుగుతున్నా సరే, ఇంకొకరి వంతులో నీళ్లు మళ్లించినవాడితో ఊళ్లో ఎవరూ మాట్లాడరు. కాకపోతే బదులు ఇచ్చుకోవచ్చు. ఈ పూట నీ వంతు నాకియ్యి, రేపు నా వంతు నువ్వు తీసుకో అంటే సరిపోతుంది. దానికి రాతకోతలు లేవు, ఎగ్గొట్టినవాడూ లేడు.

ఆయన అట్లా పార పట్టుకుని పోతుంటే నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. గరిటె చట్టిలో విసిరేశాను. "ఆ మడికి వంతుండాది. పక్కోడి మడికి వంతుండాది. ఈ ఇంట్లో నాకొక్కదానికే వంతు లేదు. పొద్దున్నుంచి నా పొద్దంతా ఎవురికి కావల్సినట్ల వాళ్లు మళ్లించుకుంటాండారు!"

ఆయన గుమ్మంలో పారతో సహా నిలబడిపోయాడు. నాకే నా మాట వింతగా వినిపించింది. అప్పుడు అత్త, ఎవరి వైపూ చూడకుండా, "దానికీ ఒక వంతు పెట్టండప్పా" అంది. "పొద్దన్నే పాలు పోసొచ్చి, పాప బస్సెక్కినంక, కూలోళ్లు మడిలోకి దిగేదాకా. ఆ పొద్దు దానిది. ఆ పొద్దులో దాన్ని పిలిస్తే ఇంగొకరి తూము ఎత్తినట్లే."

మా ఆయన నవ్వబోయి వాళ్లమ్మ మొహం చూసి మానుకున్నాడు. "సరే, కానీ" అని వెళ్లిపోయాడు. నాకు వంతు వచ్చింది.

మర్నాడే కూతురి పాత చుడీదారు వేసుకుని కాలువ దగ్గరికి పోయాను. మా మడికి కొంచెం ఎగువన కాలువ వంపు తిరిగి కాస్త వెడల్పవుతుంది. అక్కడ నడిమధ్యలో నా గొంతు దాకా నీళ్లు. ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకు, కాలు నేలకు తగలకుండా పోవాలి. అదీ అత్త నాకు పెట్టిన పరీక్ష. తను గట్టు మీద గొడుగు వేసుకుని, చేతిలో కట్టెతో, బడిపంతులు మాదిరి కూర్చుంది. నా నడుముకు కడిగిన ఖాళీ నూనె క్యాను ఒకటి కట్టింది. బట్టలుతికే ఆడవాళ్లు పని మానేసి చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ దిగాను.

నీళ్లు చల్లగా చీలమండలు పట్టుకున్నాయి. కింద బురద మెత్తగా కాలివేళ్ల మధ్యకు వచ్చింది. మూట మీద నేర్చుకున్నదంతా ఎక్కడ పోయిందో, ముక్కులోకి నీళ్లు పోయి దగ్గీ దగ్గీ కళ్లు ఎర్రబడ్డాయి. "మూట నిన్ను మోస్తాండె, నీళ్లను మోయనీ. నువ్వు నీళ్లతో కొట్లాడాకు, మా వానితో కొట్లాడు" అంది అత్త. ఉతికేవాళ్లు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వినప్పుడు ఒళ్లు వదులై ఒక్క క్షణం తేలాను. ఆ ఒక్క క్షణం ఆ రోజంతా నాతోనే ఉంది. కలుపు తీస్తున్నా, మిషను తొక్కుతున్నా, ఒంట్లో ఎక్కడో తేలుతూనే ఉన్నాను.

ఇంతలోనే నేనొక తప్పు చేశాను. వంతు బదులును నమ్ముకుని బతికే మా కాలువ చివరివాళ్లు తప్ప ఇంకెవరూ చేయని తప్పు.

ఒక పొద్దున మా ఆయన తల గోక్కుంటూ వచ్చి, "ఈ పొద్దు నీ వంతు నాకు బదులిస్తావా? ఎరువు దించుకునేకి ఇంగో మనిషి కావల్ల" అన్నాడు. నాకు ఎంత గొప్పగా అనిపించిందో చెప్పలేను. అంతకుముందు నా పొద్దును ఎవరూ అడిగి తీసుకోలేదు. గాలి పీల్చినట్టు తీసుకున్నారు. ఇప్పుడు అడుగుతున్నారు! అడిగించుకోవడంలో అంత తియ్యదనం ఉందని నాకు తెలియదు. దొరసాని మాదిరి "సరే, తీసుకో" అన్నాను. తర్వాత కూతురు కాలేజీలో ఏదో పండగకు జాకెట్టు కుట్టాలని వంతు అడిగింది. ఇచ్చాను. వాము తెచ్చిన పక్కింటావిడ, "వదినా, నాట్లకు మనుషులు దొరకలేదు, నీ వంతు బదులియ్యి" అంది. ఆమెకు ఇచ్చాను, ఒక్కసారి కాదు. మా ఆయనకైతే ఎన్ని ఇచ్చానో. బదులిచ్చిన వంతు ఎక్కడికి పోతుంది, తిరిగి రావాల్సిందే కదా అని నా ధీమా. కాలువ గట్టు మీద పోతూ, ఇన్ని వంతులు నాకు రావాలి అనుకుంటూ మనసులోనే మురిసిపోయేదాన్ని. అత్త మాత్రం చూసి చూసి, "దానం చేసేటోళ్లు పెరిగినారు మా ఇంట్లో" అని గొణిగేది. ఆమె ఒక్కతే నా వంతు ఎప్పుడూ అడగలేదు.

వరి గింజ పాలు పోసుకుంటున్న రోజుల్లో ఒక సాయంత్రం, కాలువ చూసుకునే లస్కరు సైకిలు మోటారు ఆపి మా వాకిట్లో నిలబడ్డాడు. "డ్యాములో నీళ్లు అడుగంటినాయి. రేపు పొద్దుగూకేసరికి పైన షట్టర్లు దించుతారంట. ఎల్లుండి పొద్దన్నే కాలువలో మిగిలిన నీళ్లే మీ వంతు. ఆ మీదట ఒక్క బొట్టు లేదు" అని చెప్పి పోయాడు.

మా ఆయన మొహం పాలిపోయింది. ఆ ఆఖరి తడి అందకపోతే గింజ తాలుపోతుంది. నేను లోపలికి పోయి గిన్నెలు సర్దుతూ ఏడ్చాను. మడి గురించే ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు. మడి గురించీ ఏడ్చాను, అబద్ధం ఎందుకు. కానీ ఎక్కువగా నా గురించే ఏడ్చాను. అవతలి గట్టు నేనింకా అందుకోనే లేదు. నాకు రావాల్సిన వంతులన్నీ ఉత్త కాలువలో ఉన్నాయి ఇప్పుడు. నీళ్లు లేని వంతు ఎవరు తిరిగిస్తే మాత్రం ఏం చేసుకోను? మళ్లీ నీళ్లు ఎప్పుడో. అప్పటికి అత్త గట్టు మీద కూర్చోగలదో లేదో.

మర్నాడంతా మా ఆయన మడిలోనే ఉండి నీళ్లు పారే దారులు చెక్కాడు. నేను ఆయన వెంటే తట్ట మోశాను. ఈత మాట ఎత్తలేదు. ఆఖరి తడికి ఇద్దరు కావాలి. ఒకరు తూము దగ్గర నిలబడాలి, ఇంకొకరు మడిలో గట్లు తెంచుతూ పోవాలి. తూము దగ్గర మనిషిని నేనేనని అడగకుండానే తెలుసు.

ఆ ఆఖరి రోజు తెల్లవారకముందే పార చేత పట్టి ఆయన బయలుదేరాడు. వెనకే చెప్పులు వేసుకుంటున్న నన్ను చూసి ఆగాడు.

"నువ్వు యాడికి?"

"తూము కాడికి. ఇంగెవురుండారు?"

"నీ వంతులు నేను ఎన్ని వాడుకున్నానో నాకే గ్యాపకం లేదు. నీళ్లు పోయినంక యాడ తీర్చల్ల నేను?" ఆయన నా వైపు చూడకుండా పార పిడి తుడుస్తున్నాడు. "కాలువ చివర బతికేటోన్ని. వంతు బదులు ఎగ్గొట్టినోన్ని అనిపించుకోలేను. నువ్వు పో."

"మడి ఏం కావల్ల?"

"అయినంత అవుతాది."

అంతలో దడి అవతల నుంచి పక్కింటావిడ కొంగు నడుముకు చుట్టుకుంటూ వచ్చింది. "అన్నా, తూము కాడ నేనుంటా. వదిన వంతులు నా కాడ శానా ఉండాయి" అంది. కూతురు కళ్లు నులుముకుంటూ పాల బిందె తీసుకుంది. వాళ్లంతా ముందే మాట్లాడుకున్నారని అప్పుడు అర్థమైంది. నేను ఏదో కోపంగా అనాలనుకున్నాను, అలవాటు కదా. అనకుండానే అత్త గొడుగు తెద్దామని లోపలికి పోయాను. నేను లేకనో, నీళ్లు చాలకనో, ఆ తడి మా మడి కింది మూలకు అందలేదు, ఆ మూల పంట తాలుపోయింది. ఆయన ఇప్పటికీ దాని గురించి ఒక్క మాట అనలేదు. ఇరవై ఏళ్లుగా మొగుడని తిడుతున్న మనిషిని నేను ఎంత ప్రేమిస్తున్నానో ఆ పొద్దున నాకు తెలిసింది.

అత్తను చెయ్యి పట్టుకుని కాలువ వంపు దాకా నడిపించాను. పైన షట్టర్లు దించేశారు, నీళ్లు తగ్గుతున్నాయి. నిన్నటి నీటి గీత గట్టు మీద తడిగా కనిపిస్తోంది. నడిమధ్యలో చంకల దాకా ఉన్నాయి. ఇంకా ఎండెక్కితే నడుము దాకా, ఆ తర్వాత మోకాళ్ల దాకా. "క్యాను కడతావా?" అని అడిగాను. "అది కట్టుకుంటే క్యాను ఈదినట్ల, నువ్వు కాదు" అంది.

మొదటిసారి సగం దూరం పోయేసరికి భయం పుట్టి కాలు దించాను. "కాలు పెట్టినావు! నేను చూసినా!" అని అరిచింది అత్త. వెనక్కి వచ్చి మళ్లీ బయలుదేరాను. ఈసారి అవతలి గట్టు దగ్గరికి వచ్చాక గాలి చాలక లేచి నిలబడ్డాను. నీళ్లు ఛాతీ దాకా దిగాయి. "ఇంగ ఆలస్యం చేస్తే పాకల్ల, ఈదేది ఉండదు" అంది ఆమె. కూర్చున్న చోటు నుంచి గట్టు అంచు దాకా జరిగింది. తల నీళ్లలో పెట్టాను. చీల్చు, నూకు, పక్కకు తిప్పు, గాలి పీల్చు. ఎక్కడున్నానో చూసుకోలేదు. చేతికి గడ్డి తగిలింది. పట్టుకున్నాను. అవతలి గట్టు.

గట్టు మీద బోర్లా పడి చాలాసేపు ఊపిరి పీల్చుకున్నాను. సంతోషమంటే ఇదేనా అని అనుమానం కూడా రాలేదు, ఇదే. వెనక్కి తిరిగి చూశాను, అత్త తిడుతుందో మెచ్చుకుంటుందో అని. ఆమె నన్ను చూడట్లేదు. గొడుగు పక్కన పడేసి నీళ్లను చూస్తోంది. ఆకలిగొన్న పిల్ల అన్నం వంక చూసినట్టు చూస్తోంది.

నేను మళ్లీ ఇవతలికి వచ్చాను. ఇప్పుడు నడుము దాకానే ఉన్నాయి నీళ్లు. పొద్దు ఇంకా పూర్తిగా ఎక్కలేదు.

"అత్తా, నా వంతు ఇంకా మిగిలుండాది. నువ్వు తీసుకో."

"బదులా?" అంది.

"బదులు కాదు."

ఆమె అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, నా భుజం మీద బరువంతా వేసి, ఒక్కొక్క అడుగే దిగింది. నీళ్లు మోకాళ్లకు తగలగానే "అబ్బా" అంది, నొప్పో కాదో తెలియలేదు. వెనక్కి వాలుతానని సైగ చేసింది. ఆమె వీపు కింద నా రెండు చేతులూ పెట్టాను. తెల్ల జుట్టు ఊడి నీళ్ల మీద పరుచుకుంది.

"చేతులు తీసెయ్యి" అంది.

"మునుగుతావత్తా."

"తీసెయ్యే. నాకొస్తాది."

తీసేశాను. ఆమె కళ్లు మూసుకుంది, మొహంలో ముడతలన్నీ వదులయ్యాయి. మిగిలిన ఆ కాసిని నీళ్లు ఆమెను మెల్లగా దిగువకు తీసుకుపోతుంటే, చెయ్యి వేయకుండా పక్కనే నడిచాను.